నూనె, నెయ్యి, డాల్డా: మన వంటింటి కొవ్వుల లెక్క

రంజాన్ పండుగ వెళ్ళిన పన్నెండో రోజున మా దగ్గరి బంధువు ఒకాయనకు గుండెపోటు వచ్చింది. వయసు నలభై నాలుగేళ్ళు. నమాజు తప్పని మనిషి, సిగరెట్టు ముట్టని మనిషి. అల్లాహ్ దయవల్ల సకాలంలో ఆసుపత్రికి చేర్చగలిగాం, ప్రాణం దక్కింది. ఇంటికి పంపించే రోజున డాక్టరు గారు మందుల చీటీ రాసి ఇచ్చి, ఆయన భార్యను ఒక ప్రశ్న అడిగారు. "అమ్మా, మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్ల నూనె ఖర్చవుతుంది?"

ఆమె జవాబు చెప్పలేకపోయారు. పక్కనే నిలబడి ఉన్న మేము కూడా మా ఇంటి లెక్క అడిగితే నోరు వెళ్ళబెట్టేవాళ్ళమే. నెలకు బియ్యం ఎన్ని కిలోలో మనకు తెలుసు. పాలు ఎన్ని ప్యాకెట్లో, వారానికి మాంసం ఎంతో తెలుసు. నూనె మాత్రం డబ్బా ఖాళీ అయినప్పుడు తెస్తాం, అంతే.

ఇస్లాం మనిషికి లెక్క నేర్పిన ధర్మం. సంపదలో జకాతుకు లెక్క ఉంది. వుజూ చేసేటప్పుడు నీళ్ళను కూడా వృథా చేయరాదని, దైవప్రవక్త (స) చాలా కొద్ది నీళ్ళతోనే వుజూ ముగించేవారని చిన్నప్పటి నుంచి వింటున్నాం. తినడానికి, త్రాగడానికి అనుమతినిచ్చిన ఆయతులోనే మితిమీరరాదన్న హెచ్చరిక కూడా ఉంది (ఆరాఫ్ సూరా, 31). ఈ హెచ్చరికను మనం పళ్ళెంలోని అన్నానికి వర్తింపజేస్తాం గానీ, ఆ అన్నం వండిన నూనెకు వర్తింపజేయం. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని మేము తెలుసుకున్న విషయాలనే ఈ వ్యాసంలో పాఠకుల ముందు పెడుతున్నాం.

కొవ్వు శత్రువు కాదు

ముందుగా ఒక అపోహ తొలగించాలి. గుండె జబ్బు మాట వినగానే కొందరు నూనె, నెయ్యి పూర్తిగా మానేస్తారు. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే పిల్లల గిన్నెలోని నెయ్యి కూడా తీసేసేవాళ్ళున్నారు. ఇది సరికాదు. కొవ్వు లేకుండా శరీరం నడవదు. శరీరంలోని ప్రతి కణం పైపొర కొవ్వుతోనే తయారవుతుంది. మెదడులో నీటిని మినహాయిస్తే మిగిలిన దానిలో సగానికి పైగా కొవ్వే. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. క్యారెట్టు, మునగాకు, పాలకూర ఎంత తిన్నా, వాటితోపాటు కాసింత నూనె లేకపోతే వాటిలోని పోషకం ఒంటికి సరిగా పట్టదు. మన పెద్దలు ఆకుకూర పప్పుకు తాలింపు పెట్టడం రుచి కోసమే అనుకుంటాం. దానివల్ల ఈ మేలు కూడా ఉంది. లినోలిక్ ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే రెండు కొవ్వు ఆమ్లాలను శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు. వాటిని ఆహారం ద్వారానే ఇవ్వాలి. రెండేళ్ళలోపు పిల్లలకైతే కొవ్వు తగ్గించనే కూడదు.

దివ్య ఖుర్ఆన్ జైతూన్ చెట్టును శుభవంతమైనదిగా పేర్కొంది. దైవప్రవక్త (స) జైతూన్ నూనెను తినమనీ, ఒంటికి రాసుకోమనీ చెప్పినట్లు, ఖర్జూరాన్ని వెన్నతో కలిపి ఇష్టంగా తిన్నట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. కనుక కొవ్వు కూడా ఒక దైవానుగ్రహమే. అయితే ఈ అనుగ్రహం బరువైనది. ఒక గ్రాము పిండి పదార్థంలో, ఒక గ్రాము మాంసకృత్తుల్లో 4 కేలరీల చొప్పున శక్తి ఉంటే, ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు ఉంటాయి. రెట్టింపు కంటే ఎక్కువ. అందుకే నూనె విషయంలో చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది.

గడ్డకట్టేవి, కట్టనివి

కొవ్వుల్లో రకాలు తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మటన్ కూర తిన్న పళ్ళెం కాసేపు అలాగే వదిలేస్తే అంచున తెల్లగా పేరుకుంటుంది. శనగ నూనె వేసి వండిన వంకాయ కూర పళ్ళెంలో అలా పేరుకోదు. గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉన్నవి సంతృప్త కొవ్వులు: మాంసపు కొవ్వు, వెన్న, నెయ్యి, కొబ్బరి నూనె, కొంతవరకు పామాయిలు. ఎప్పుడూ ద్రవంగా ఉండేవి ఎక్కువగా అసంతృప్త కొవ్వులు: వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, కుసుమ, తవుడు నూనెలు, చేపలలోని నూనె.

రక్తంలో కొలెస్టరాల్‌ను మోసుకుపోయే వాహకాలు రెండున్నాయి. ఎల్‌డిఎల్ అనేది కాలేయం నుంచి కొలెస్టరాల్‌ను శరీరంలోకి తీసుకుపోతుంది. ఎక్కువైతే రక్తనాళాల గోడల్లో పేరుస్తుంది. హెచ్‌డిఎల్ అనేది అక్కడి నుంచి వెనక్కు తెస్తుంది. సంతృప్త కొవ్వు ఎక్కువగా తింటే ఎల్‌డిఎల్ పెరుగుతుంది. దాని స్థానంలో అసంతృప్త కొవ్వు తింటే తగ్గుతుంది. రోజు మొత్తం మీద మనకందే శక్తిలో సంతృప్త కొవ్వు వాటా పదో వంతుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నూనె ప్యాకెట్ల మీద 'కొలెస్టరాల్ లేదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అది చూసి మన ఆడపడుచులు ధైర్యంగా రెండు గరిటెలు ఎక్కువ పోస్తారు. నిజానికి మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్టరాల్ ఉండదు. ఉప్పు ప్యాకెట్ మీద 'చక్కెర లేదు' అని రాయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైగా మన రక్తంలోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం తయారయ్యేది మన కాలేయంలోనే. అది ఎంత తయారవ్వాలన్నది మనం తినే కొవ్వు రకాన్ని బట్టి కూడా ఉంటుంది.

పసుపు డబ్బా కథ

మన ఇళ్ళల్లో పెళ్ళి వంట అంటే డాల్డా గుర్తుకొస్తుంది. పసుపు రంగు డబ్బా, దాని మీద పచ్చటి తాటిచెట్టు లాంటి బొమ్మ. ఖాళీ అయ్యాక ఆ డబ్బాలోనే దాదీ బియ్యం పోసేది. ఒక కంపెనీ పెట్టిన ఆ పేరు వనస్పతి అంతటికీ ఇంటిపేరై కూర్చుంది.

ద్రవంగా ఉండే నూనెలోకి, నికెల్ లోహం సాయంతో హైడ్రోజన్ వాయువును పంపి గడ్డకట్టించే పద్ధతికి 1902లో విల్‌హెల్మ్ నోర్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేటెంటు పొందాడు. మన దేశంలో డాల్డా 1937లో వచ్చింది. నెయ్యి కొనలేని మధ్యతరగతికి నెయ్యిలాంటి పూస, నెయ్యిలాంటి వాసన తక్కువ ధరకు దొరికాయి. బిర్యానీ అయినా, డబల్ కా మీఠా అయినా, సమోసా పిండిలోకైనా అదే వాడారు. ఎవరిదీ తప్పనలేం. దానిలో ఏముందో అప్పటికి వైద్యులకు కూడా తెలియదు.

నూనెను అరకొరగా గడ్డకట్టించినప్పుడు ట్రాన్స్ కొవ్వు అనే కొత్త రకం పుడుతుంది. 1990 తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఇది చెడ్డ వాహకమైన ఎల్‌డిఎల్‌ను పెంచడమే కాక, మంచి వాహకమైన హెచ్‌డిఎల్‌ను తగ్గిస్తుంది. మాంసపు కొవ్వు కూడా ఇంత కీడు చేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దీన్ని పూర్తిగా తొలగించాలని అన్ని దేశాలకు పిలుపునిచ్చింది. మన దేశంలో కొవ్వులు, నూనెల్లో దీని పరిమితిని 2021 జనవరిలో నూటికి 3 వంతులకు, 2022 జనవరిలో 2 వంతులకు తగ్గించారు. బిస్కట్లు, కేకుల వంటి తయారీ సరుకుల్లోని కొవ్వుకు కూడా 2022 నుంచి అదే పరిమితి వర్తిస్తోంది.

కాబట్టి చట్టం ప్రకారం తయారైన నేటి వనస్పతి, పాతకాలపు డాల్డా అంత చెడ్డది కాదు. న్యాయంగా ఆ మాట ఒప్పుకోవాలి. అయినా గది వేడిమిలో గడ్డగా నిలబడాలంటే దానిలో సంతృప్త కొవ్వు ఎక్కువగా ఉండక తప్పదు. నెయ్యి కంటే మంచిదని దాన్ని కొనడంలో అర్థం లేదు. మా అభిప్రాయం అడిగితే, వారానికి ఒకసారి చేసే బగారా అన్నంలో ఒక చెంచా అసలు నెయ్యి వేసుకుని, డాల్డాను వంటింటి నుంచి సాగనంపడమే మేలు.

రోజాల నెలలో ఒకే నూనె

మా బంధువు ఇంటికి వెళ్ళి చూస్తే, పొయ్యి పక్కన ఒక స్టీలు డబ్బా ఉంది. లోపల నూనె నల్లగా, తేనెలా చిక్కగా ఉంది. రంజాన్ మొదటి రోజు మిర్చి బజ్జీలకు పోసిన నూనె అది. మర్నాడు అందులోనే సమోసాలు, ఆ మర్నాడు పకోడీలు. తగ్గినప్పుడల్లా పైన కొత్త నూనె కలిపారు. ముప్పై రోజులూ అదే డబ్బా. "పారబోస్తే ఇస్రాఫ్ అవుతుంది కదా" అన్నారు భాభీ. వృథా చేయరాదన్న ఆమె భయం మెచ్చుకోదగినదే. కానీ ఆ భయం పడాల్సింది నూనె పారబోసేటప్పుడు కాదు, పోసేటప్పుడు.

నూనెను బాగా కాచినప్పుడు గాలి, వేడి, పిండిలోని తడి మూడూ కలిసి దాన్ని విరగ్గొడతాయి. ప్రతిసారీ కొత్త కొత్త పదార్థాలు పుడతాయి. వీటిలో కొన్నింటిని పోలార్ సమ్మేళనాలు అంటారు. వాడిన నూనెలో ఇవి నూటికి 25 వంతులు దాటితే ఇక ఆ నూనె వంటకు పనికిరాదని మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. 2018 జూలై నుంచి హోటళ్ళకు, మిఠాయి దుకాణాలకు అది వర్తిస్తోంది. ఇంట్లో మనకు కొలిచే యంత్రం లేదు గానీ కళ్ళున్నాయి, ముక్కుంది. రంగు నల్లబడటం, చిక్కబడటం, బజ్జీ వేయగానే అణగని నురగ లేవడం, ఇంకా సరిగా కాగకముందే పొగ రావడం, కారు వాసన: వీటిలో ఏ ఒక్కటి కనబడినా దాని పని అయిపోయినట్టే. పైపెచ్చు చెడిన నూనెను పిండి ఎక్కువగా పీల్చుకుంటుంది. పాత నూనెలో కొత్త నూనె కలిపితే పాతది బాగుపడదు, కొత్తదే త్వరగా చెడుతుంది.

దీనికి ఉపాయం చిన్నదే. వెడల్పాటి బాణలి తీసేసి లోతైన చిన్న మూకుడు పెట్టాలి. అందులో పావు లీటరు నూనెతో నాలుగు వాయిల్లో బజ్జీలు తేలిపోతాయి. చల్లారాక గుడ్డలో వడకట్టి, మిగిలింది మర్నాటి కూరలకు, తాలింపులకు వాడేయాలి. మళ్ళీ వేపుడుకు పెట్టకూడదు. అప్పుడు పారబోసేదీ ఉండదు, ఇస్రాఫూ ఉండదు. అసలు రోజూ వేపుడే ఎందుకన్నది వేరే ప్రశ్న. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే గుక్కెడు నీళ్ళతో రోజా విరమించేవారు. ఉడికించిన శనగల గుగ్గిళ్ళు, పండ్లు, పెరుగు మన దస్తర్ ఖాన్ మీద ఉండనే ఉన్నాయి. వారానికి రెండు రోజులు బజ్జీ ఉంటే పిల్లలు కూడా సంతోషిస్తారు. పద్నాలుగు గంటలు ఖాళీగా ఉన్న కడుపు మీద ముందుగా నూనె వస్తువులు పడేస్తే తరావీహ్‌లో నిలబడడం ఎంత కష్టమో అనుభవమున్నవారికి చెప్పనక్కర్లేదు.

ఎంత?

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చూపించింది. అంటే ఆరు టీ చెంచాలు. ఉదయం దోసె మీద వేసింది, కూరలో వేసింది, పచ్చడి తాలింపు, పప్పులో నెయ్యి అన్నీ ఈ ఆరింటిలోకే రావాలి.

మా బంధువు ఇంట్లో ఐదుగురు. ఆ లెక్కన నెలకు నాలుగు కిలోలు, అంటే నాలుగున్నర లీటర్లకు మించకూడదు. కిరాణా దుకాణం ఖాతా పుస్తకం తెప్పించి చూస్తే ఆ రంజాన్‌లో ఎనిమిది లీటర్ల నూనె పోయింది. ఒక్కొక్కరికి రోజుకు 48 గ్రాములు. అందులో డాల్డా, నెయ్యి లేవు. మసీదుకు పంపింది, అతిథులు తిన్నది తీసేసినా ఎక్కువే.

ఏ నూనె అంటే, ఇదొక్కటే దివ్యౌషధం అని ఏదీ లేదు. రాయలసీమ మెట్టల్లో పండే వేరుశనగ నూనెలో దాదాపు సగం ఏక అసంతృప్త కొవ్వే. జైతూన్ నూనెలో మేలు చేసేదిగా చెప్పే కొవ్వు ఇదే, అక్కడ నూటికి 70 వంతుల వరకు ఉంటుంది. సున్నత్ పేరు చెప్పి చిన్న సీసాను భారీ ధరకు అమ్మేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. స్తోమత ఉన్నవారు పచ్చి కూరగాయల మీద చల్లుకుంటే మంచిదే. అప్పు చేసి కొనాల్సిన పని లేదు. నువ్వుల నూనె, తవుడు నూనె కూడా మంచివే. పొద్దుతిరుగుడు నూనె వాడేవాళ్ళు ఒక నెల అది, ఒక నెల వేరుశనగ చొప్పున మార్చుకుంటే రెండు రకాల కొవ్వులూ అందుతాయి. పామాయిలులో సగం దాకా సంతృప్త కొవ్వే. అయినా ధర తక్కువ కనుక బీద ఇళ్ళల్లో అది తప్పదు. అలాంటివారికి మేము చెప్పేది ఒక్కటే: మార్చలేకపోతే తగ్గించండి.

మాంసం మానమని మేము చెప్పడం లేదు. వండే ముందు కనబడే కొవ్వు కోసి తీసేయాలి. పాయా, నిహారీ వండితే ముందురోజే వండి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పైన మందంగా గడ్డకడుతుంది. ఆ పొర తీసి వేడి చేసుకుంటే రుచి ఎక్కడికీ పోదు. బక్రీదు రోజుల్లో ఇది మరీ అవసరం. వారానికి ఒకటి రెండుసార్లు కానాగంతలు, కవళ్ళు వంటి సముద్రపు చేపలు తింటే గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు దొరుకుతుంది. అయితే వాటిని నూనెలో ముంచి వేయించకుండా పులుసు పెట్టుకోవాలి. చేపలు దొరకని చోట అవిసె గింజల పొడి కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది.

నూనె తగ్గించి, ఆ లోటును మైదా పరాటాలతో, షర్బత్‌లతో, రెండో పళ్ళెం తెల్లన్నంతో పూడిస్తే ప్రయోజనం సున్నా. అవసరానికి మించిన చక్కెర, పిండి పదార్థాలను కాలేయం కొవ్వుగా మార్చి ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డిఎల్ తక్కువ ఉండటం మన దేశస్థుల్లో తరచూ కనబడే లక్షణం. మా బంధువు రక్తపరీక్షలో కనబడింది కూడా ఇదే.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన తెలుగు సోదరులకు ఇంకో జాగ్రత్త. బిస్కట్లు, కేకుల మీద షార్టెనింగ్ అని గానీ, ఇ-471 అని గానీ ఉంటే, అది మొక్కల కొవ్వూ కావచ్చు, జంతువుల కొవ్వూ కావచ్చు. లార్డ్ అంటే నేరుగా పంది కొవ్వే. హలాల్ ముద్ర చూసుకోవాలి, లేదా తయారీదారుని అడిగి తెలుసుకోవాలి.

మసీదుకు పంపే పళ్ళెం

ఒక్క విషయం మాత్రం మమ్మల్ని మిగతా అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. మసీదులో ఇఫ్తార్ కోసం మనం పంపే పళ్ళెంలో ఉండేది ఆ నల్ల నూనెలో వేయించిన సమోసాలే. వాటిని తినేది ఎవరు? ఆటో తోలేవారు, బండి లాగేవారు, ఊరుగాని ఊరొచ్చిన విద్యార్థులు. మనం తీసుకోవడానికి ఇష్టపడని నాసిరకాన్ని దానం చేయడానికి ఎంచుకోరాదని అల్లాహ్ హెచ్చరించాడు (బఖరా సూరా, 267). ఇంట్లో గుండె జబ్బు మనిషికి పనికిరాదని పక్కన పెట్టిన డాల్డా డబ్బాను పనిమనిషికి ఇచ్చేయడం కూడా ఇలాంటిదే. ఈ మాట రాస్తున్నప్పుడు మాకు మా సొంత ఇంట్లో జరిగిన రెండు మూడు సంఘటనలు గుర్తుకు రాకపోలేదు. ఒక డజను అరటిపండ్లు, అర కిలో ఖర్జూరాలు, ఒక గిన్నెడు గుగ్గిళ్ళు పంపితే ఖర్చు సమోసాల కంటే పెద్దగా పెరగదు.

మా బంధువు ఇప్పుడు ఫజర్ తర్వాత నలభై నిమిషాలు నడుస్తున్నారు, మందులు వాడుతున్నారు. ఆయన ఆహారం ఆయన డాక్టరు గారు చెప్పినట్టే నడుస్తోంది. గుండె, షుగర్ జబ్బులున్న పాఠకులు కూడా ఈ వ్యాసాన్ని కాక తమ డాక్టరు మాటనే పాటించాలి. భాభీ వంటింట్లో గోడకు ఒక క్యాలెండరు తగిలించి, కొత్త ప్యాకెట్ కోసిన రోజున ఆ తేదీ చుట్టూ పెన్నుతో గీత గీస్తున్నారు. షవ్వాల్‌లో ఆరు గీతలు పడ్డాయి. జుల్ ఖాదాలో ఐదు. బక్రీదు నెలలో మళ్ళీ ఆరయ్యాయి. వంకాయ బగారా నూనె తేలకపోతే బగారాయే కాదని అత్తగారు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.